తాడు పట్టినవాడి నిద్ర

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. ఆ సామెత కట్టినవాడెవడో గానీ, పడుకోగానే గుర్రుపెట్టే రకమై ఉంటాడు. నిద్ర పట్టని మనిషితో ఒక్క వేసవి కాపురం చేసి ఉంటే ఆ మాట వాడి నోట వచ్చేది కాదు. నేను చేశాను. చేసి, నా తమ్ముణ్ణి మట్టిలో పెట్టుకున్నాను. అందుకే ఎవరైనా నా ముందు ఆ సామెత ఎత్తితే ఒళ్లు మండుతుంది, లేచి వెళ్లిపోతాను.

నా పేరు గ్రేసమ్మ. మాది బొల్లాపల్లికి దగ్గరలో ఒక పల్లె. మా ఆయన రాజారత్నం, నా తమ్ముడు దేవానందం ఇద్దరూ బావులు తవ్వేవాళ్లు. తమ్ముణ్ణి అందరూ ఆనందం అనే పిలిచేవాళ్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో మాట ఇది. కృష్ణ మీద పెద్ద ఆనకట్ట కడుతున్నారు, కాలవలు వస్తాయి, మెట్టంతా మాగాణి అయిపోతుంది అని ఊరూరా చెప్పుకునేవాళ్లు. అవి వచ్చేదాకా గొంతు తడవాలి గదా. పొలం ఉన్న ప్రతివాడూ బావి తవ్వించేవాడు. మా వాళ్లకు చేతినిండా పని.

మా నేల సంగతి తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. పైపైన గునపానికి లొంగుతుంది, ఆ కింద అంతా రాయి. రాయికి బెజ్జం కొట్టి, అందులో తూటా పెట్టి, వత్తి అంటించి పేల్చాలి. అంటించేది నా తమ్ముడు. అంటించాక వాడు బావిలో ఉండకూడదు. పైన మోట ఎడ్లకు కట్టిన తాడు ఒకటి లోపలికి వేలాడుతూ ఉంటుంది, దాని చివర ఒక చెక్క. తమ్ముడు ఆ చెక్క మీద నిలబడి "లాగు బావా" అని కేకేస్తాడు. మా ఆయన ఎడ్లను వాలులో కిందికి తోలతాడు. ఎడ్లు కిందికి దిగుతుంటే తమ్ముడు పైకి వస్తాడు. ఇద్దరూ పరిగెత్తి మట్టికట్ట చాటుకు చేరేసరికి బావి దద్దరిల్లుతుంది. రాళ్లు ఎగిరిపడతాయి గనక మిగతా కూలీలంతా ముందే ఆ కట్ట వెనక్కి పోతారు. ఆ కాసేపు బావి దగ్గర ఉండేది ఇద్దరే, లోపల ఒకడు, తాడు దగ్గర ఒకడు.

ఆ తాడు ఎవరి చేతికి ఇవ్వాలన్నదానికి మా బావుల వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. లోపలికి దిగేవాడు తాడును అక్క మొగుడికో చెల్లెలి మొగుడికో తప్ప ఇవ్వడు. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదాలుంటాయి, స్నేహితుల మధ్య మాటపట్టింపులుంటాయి. బావ అయితే సాయంత్రం ఇంటికి పోయి పెళ్లాం మొహం చూడాలి గదా, అందుకని ఒళ్లు దగ్గర పెట్టుకుని తోలతాడు అని మా పెద్దల లెక్క. కాదనను, మంచి లెక్కే. బావ అనేవాడు రాత్రిపూట నిద్రపోవాలన్న సంగతి మాత్రం ఆ పెద్దలు చూసుకోలేదు.

మా ఆయనకు నిద్ర పోయింది పున్నారావన్నతోపాటు. పున్నారావు మా పెదనాన్న కొడుకు. ఆనందం కంటే ముందు తూటాలు అంటించింది ఆయనే, తాడు పట్టింది మా ఆయనే. ముసురు పట్టి ఆగిన మరునాడు, తూటా వ్యవహారం కూడా కాదు, ఊరికే నీళ్లు ఎంత ఊరాయో చూడడానికి దిగాడు. లాగమన్నాడు. మా ఆయన లాగుతుండగా బావి పక్కమట్టి జారి ఆయన మీద పడింది. ఎడ్లు అట్టాగే వాలు దిగాయి. తాడు చివర చెక్క ఒక్కటే పైకి వచ్చింది. చేతిలో తాడు ఉన్నట్టుండి తేలికైపోవడం, అదీ మా ఆయనకు మిగిలింది. కళ్లు మూస్తే చాలు, తాడు తేలికైపోయేదట. ఉలిక్కిపడి లేచి అరచేతులు చూసుకునేవాడు. తప్పు ఆయనది కాదని ఊరంతా చెప్పింది, నేనూ చెప్పాను. చెపితే వినడానికి నిద్రేమన్నా చుట్టమా.

బావుల్లోంచి తీసిన రాయిని బండి మీద రోడ్డు పనికి తోలే సత్తార్ అని ఒకాయన ఉండేవాడు. ఆయన మా ఆయన కళ్లు చూసి జాలిపడ్డాడు. గంజాయి అరచేతిలో నలిపి, మట్టి చిలుం గొట్టంలో దట్టించి, తడిగుడ్డ చుట్టి చేతికిచ్చాడట. ఆ రాత్రి మా ఆయన పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు. పొద్దెక్కాక లేచి, జొన్నన్నం రెండు ముద్దలు అడిగి పెట్టించుకుని తిన్నాడు. నేను సత్తారుకు ఒక సొరకాయ పంపించాను. ఎందుకు దాచాలి, పంపించాను.

గంజాయి మంచిదని చెప్పడానికి కూర్చోలేదు నేను. మొదట్లో ఒక చిలుం చాలేది. ఏడాది తిరిగేసరికి రెండయింది, ఆ తర్వాత పొద్దు కుంకకముందే మొదలయ్యేది. అది లేని రోజు కుక్కి మంచంలో నల్లిలా మసిలేవాడు. తాగి పడుకుంటే అది నిద్ర కూడా కాదు, మొద్దు. మా చిన్నపిల్లకు తేలు కుట్టి ఇల్లెగిరిపోయేలా ఏడిస్తే ఆయన పక్కకు కూడా ఒత్తిగిల్లలేదు. నేనే చంకనేసుకుని మంత్రం వేసేవాళ్ల దగ్గరికి పరిగెత్తాను. పొద్దున్నే పిల్ల కాలు చూసి "ఏందే, వాచింది?" అని అడిగాడు. నెత్తిన కొట్టుకున్నాను. ఎండ ముదిరేదాకా ఆ తలకాయలోకి మాట దిగేది కాదు. అందుకని తూటాలు మధ్యాహ్నం పెట్టుకునేవాళ్లు. మధ్యాహ్నానికి మాత్రం మనిషి మనిషే. తాడు పడితే బండరాయిలా పట్టేవాడు. ఇంకొక సంగతి, ఆ రెండు మూడేళ్లూ ఆయనకు కలలు లేవు. పున్నారావన్న కలలో కూడా రాలేదు. గంజాయి ఆయన్నీ ఊదిపారేసిందనుకున్నాను.

ఇట్టా నడుస్తుండగా ఆనందానికి ఈపూరు సంబంధం కుదిరింది. పిల్ల పేరు సువార్త. వాడికి ఆ పిల్లంటే ఎంత ఇష్టమంటే, ఈపూరులో బావి పనంటే కూలి అడక్కుండా ఒప్పుకునేవాడు. నేను ఆటపట్టిస్తే "ఊరుకో అక్కా" అని మొహం తిప్పుకునేవాడు. మాకు అమ్మా నాన్నా లేరు. పెళ్లికొడుకు తరఫున పెద్ద మా ఆయనే.

మా క్రైస్తవ సంఘంలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు మందిరంలో ప్రకటన చదవాలి. ఫలానావాడికీ ఫలానా పిల్లకూ పెళ్లి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని. చదివేది సంఘపెద్ద జకరయ్య. పాదిరిగారు నెలకొకసారి వచ్చేవారు గనక మిగిలిన రోజుల్లో మందిరం ఈయన చేతి కింద ఉండేది. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని. చానా మంచివాడు, అదే వచ్చిన తంటా.

"గంజాయి తాగే మనిషి పెద్దగా నిలబడే పెళ్లికి నేను ప్రకటన చదవను. రాజారత్నం ఆ చిలుం వదిలి, సంఘం ముందు ఒట్టు పెట్టుకోవాల. మూడో ప్రకటన అయ్యేలోగా ఒక్కసారి ముట్టినా ఒట్టు పోయినట్టే," అన్నాడు జకరయ్య.

మా ఆయన ఆ ఆదివారమే చిలుం తెచ్చి మందిరం మెట్టు మీద రాయితో నలగ్గొట్టాడు. జకరయ్య మొదటి ప్రకటన చదివాడు. అందరూ స్తోత్రం అన్నారు. ఆనందం వచ్చి బావను కావలించుకున్నాడు. నేనూ ఏడ్చాను. కొరివితో తల గోక్కుంటున్నామని మాకెవరికీ తెలియలేదు.

ఆ రాత్రి నిద్ర లేదు. రెండో రాత్రీ లేదు. సరే, అలవాటు గనక నాలుగు రోజులు పడుతుందిలే అనుకున్నాను. నాలుగు రోజులు దాటినా కన్ను మూతపడలేదు. చొక్కా పిండితే చెమట కారేది. అన్నం ముందు పెడితే వాసన అనేవాడు. పిల్ల గిన్నె పడేస్తే కొట్టడానికి లేచాడు, అంతకుముందు ఎన్నడూ పిల్ల మీద చెయ్యెత్తిన మనిషి కాదు. తలకు ఆముదం మర్దన చేశాను. అరికాళ్లకు రాశాను. గసగసాలు నూరి పాలల్లో పోశాను. పెరుగన్నంలో ఉల్లిపాయ నంజించాను. ఎవరేం చెపితే అది చేశాను. ఏదీ పని చెయ్యలేదు.

తెల్లవారుజామున ఎప్పుడో రెప్ప వాలేది. అప్పుడు మొదలయ్యేవి కలలు. మూడేళ్లుగా రాని కలలన్నీ ఎక్కడో మూటగట్టుకుని కూర్చుని, ఒక్కసారిగా ఇంటి మీద పడ్డట్టుండేది. ప్రతి కలలోనూ బావే. ప్రతి కలలోనూ పున్నారావన్న కింద నుంచి "లాగు బావా" అనేవాడట. ఈయన నిద్రలోనే మంచం నులక పట్టుకుని లాగేవాడు. ఒకరోజు నా జడ పట్టుకుని లాగాడు. అరిచి లేపితే నా మొహంలోకి చూసి, "పైకొచ్చాడా?" అని అడిగాడు. ఏది కలో ఏది మెలకువో ఆ మనిషికి గీత చెరిగిపోతోందని నాకు అప్పుడే భయం పట్టుకుంది.

ఇంట్లో ఉంటే నాకూ పిల్లకూ నిద్ర ఉండదని రాత్రిళ్లు లేచి పోయి మందిరం అరుగు మీద కూర్చునేవాడు. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని. జకరయ్య తెల్లవారి లేచి వచ్చేసరికి అట్టాగే ఉండేవాడు. రోజూ చూశాడు. చూసి ఏమనుకున్నాడో తెలుసా? ప్రార్థన చేస్తున్నాడనుకున్నాడు.

రెండో ప్రకటన చదివిన ఆదివారం జకరయ్య మా ఆయన్ను ముందుకు పిలిచి నిలబెట్టాడు. "గంజాయి మత్తులో పడి దొర్లిన మనిషిని చూడండి. ఇయ్యాల రాత్రంతా దేవుడి వాకిట మేలుకుని ఉంటన్నాడు. మనమంతా గుర్రుపెట్టి నిద్రపోతన్నాం," అన్నాడు. జనం కళ్లు తుడుచుకున్నారు. కలల సంగతి కూడా బయటపడింది. చచ్చినవాడు కింద నుంచి పిలవడం, ఈయన పైకి లాగడం. అది దర్శనం అన్నాడు జకరయ్య. నశించిన ఆత్మలను పైకి లాగమని పిలుపు అన్నాడు.

ఇక చూడండి. గేదె ఈనడం లేదని ఒకరు, కోడలు పుట్టింటి నుంచి రావడం లేదని ఒకరు, ప్రార్థన చెయ్యమని మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఈస్టరుకు ముందు శ్రమదినాలు గనక మందిరంలో రాత్రి ప్రార్థన కూటాలు పెట్టారు. వాటికి మా ఆయనే ముందుండి నడిపించాలన్నారు. అసలే కోతి, ఆపైన కల్లు తాగింది అన్నట్టయింది మా బతుకు. అప్పటిదాకా కునుకు పడితే పడేది. ఇప్పుడు కునుకు పడడం కూడా తప్పయింది. మా ఆయన నమ్మాడు. నమ్మడా మరి? గంజాయోడు అన్న నోళ్లే అయ్యా అంటుంటే ఎవడు నమ్మడు? పొగడ్త కూడా మత్తే, దానికి చిలుం అక్కర్లేదు.

నేను జకరయ్య ఇంటికి పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు.

"జకరయ్య మామా, ఆయన చేసేది ప్రార్థన కాదు. ఆయనకు నిద్ర పట్టట్లా. గంజాయి ఒక్కసారే మానేసరికి అట్టా అయింది. నీకు పుణ్యముంటది, రాత్రి కూటాలకు పిలవబాకు," అన్నాను.

ఆయన పుక్కిలించి ఉమ్మి, నన్ను చాలా దయగా చూశాడు. ఆ దయే నాకు చిరాకు. "అమ్మాయ్, గెత్సేమనే తోటకి యేసుప్రభువు పన్నెండుమంది శిష్యుల్లో ఏరి తీసుకుపోయిన ముగ్గురు కూడా నిద్ర ఆపుకోలేకపోయారు. నీ పెనిమిటి ఆపుకుంటన్నాడు. దాన్ని జబ్బు అంటావేంది?" అన్నాడు.

"ఆ ముగ్గురిలో ఎవరి చేతిలోనూ మోట తాడు లేదు మామా. ఈయన చేతిలో నా తమ్ముడుంటాడు," అన్నాను.

"దేవుడి చేతిలో ఉంటాడు," అన్నాడు జకరయ్య. మింగలేక కక్కలేక ఇంటికి వచ్చాను.

సత్తార్ దగ్గరికి పోయి అడిగాను. ఆయన కూడా తల పట్టుకున్నాడు. తనకు తెలిసిన ఒకడు ఇట్టాగే మాని, నెలదాకా పిచ్చివాడిలా తిరిగాడని చెప్పాడు. ఆ తర్వాత నిద్ర దానంతటదే వచ్చిందట. "నెల ఓపిక పట్టు చెల్లెమ్మా. అందాక ఆయన్ని బావి కాడికి పోనియ్యబాకు," అన్నాడు. నా మొహం చూసి ఒక చిటికెడు గంజాయి ఆకులో చుట్టి ఇచ్చాడు. తెచ్చి మా ఆయన ముందు పెట్టాను. ఒక్క రాత్రికి, ఎవరికీ తెలియనివ్వను అన్నాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మూడో ప్రకటన అయిపోనియ్యే. ఇప్పుడు నేను ముడితే ఒట్టు పోద్ది, ఆనందం పెళ్లి ఆగిపోద్ది. ఆడు నా మొహం చూడడు," అన్నాడు.

అదీ మా పరిస్థితి. ఆయన తాగితే నా తమ్ముడి పెళ్లి పోతుంది. తాగకుండా ఇట్టాగే తాడు పడితే నా తమ్ముడి ప్రాణం పోతుంది. ఇక మిగిలింది తమ్ముడే.

ఆనందం ఎడ్లకు నీళ్లు పెడుతుంటే పోయి పట్టుకున్నాను. "ఒరేయ్, నీ పెళ్లయ్యేదాకా తాడు ఇంకెవరికన్నా ఇయ్యి. మీ బావ నిలబడే నిద్రపోతన్నాడు రా. నిన్న అన్నం కలుపుతా కలుపుతా ఆగిపోయాడు, చెయ్యి కంచంలోనే ఉంది, కళ్లు తెరిచే ఉన్నయ్, మనిషి మాత్రం లేడు," అన్నాను.

"ఎవరికియ్యను అక్కా? నాకు నువ్వొక్కదానివే గందా అక్కవి," అన్నాడు.

"ఎవరో ఒకరు. కూలోళ్లలో ఒకడు."

వాడు ఎద్దు మూపురం మీద చెయ్యి వేశాడు. "పున్నారావన్న పోయినప్పుడు ఊళ్లో సగంమంది బావ చేతికి తాడియ్యొద్దన్నారు. ఆ తాడే నేను ఇచ్చా. ఇచ్చినాకే బావ మళ్లీ తల ఎత్తుకున్నాడు. ఇప్పుడు లాక్కుంటే ఏమైపోతాడు? అదీగాక నా పెళ్లి కోసం మానేశాడు ఆయన. నా కోసం మానేసినోడి చేతిలోంచి నేనెట్టా లాక్కుంటా?" అన్నాడు. ఆ తర్వాత నవ్వాడు. "ఈ వారం ఆగితే సాలు. శనివారం ఒక్క తూటా ఉంది. ఆదివారం ప్రకటన అయిపోద్ది. బావకు నేనే చిలుం కొనిపెడతా, నువ్వు తిట్టుకో."

మొండి ముండాకొడుకు. వాడి మంచితనమే వాడి గొయ్యి తవ్వింది. ఒకడి మంచితనం కాదు, అందరి మంచితనమూ కలిసి తవ్వింది.

ఆ శుక్రవారం రాత్రంతా కూటం. మా ఆయన ముందు నిలబడి, పొద్దు పొడిచేదాకా పాడించాడు. గొంతు పూర్తిగా పోయింది. ఇంటికి కూడా రాకుండా అట్నుంచటే బావి దగ్గరికి పోయాడు. నరసరావుపేట షావుకారు ఒకాయన కొన్న పొలం అది, ఊరికి మైలు దూరం. నాకు ఇంట్లో కాలు నిలవలేదు. పిల్లను పక్కింట్లో వదిలి, చద్ది ముంత నెత్తిన పెట్టుకుని మధ్యాహ్నానికి అక్కడికి చేరాను. అన్నం ఒక సాకు. ఎడ్ల పక్కన నేనే నిలబడదామనుకున్నాను, ఎవరేమనుకున్నా సరే.

నేను చేరేసరికి కూలీలు అప్పటికే కట్ట వెనక ఉన్నారు. తమ్ముడు లోపలికి దిగాడని చెప్పారు. ఆడమనిషివి, తూటా టయానికి ముందుకు పోకూడదు, కూర్చో అని ఒకడు చెయ్యి పట్టుకుని ఆపాడు. కట్ట మీదుగా తల ఎత్తి చూశాను. మా ఆయన ఎడ్ల వెనక నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో ముల్లుగర్ర, ఒక చెయ్యి తాడు మీద. నిటారుగా ఉన్నాడు. ఎండ మొహాన కొడుతోంది. బాగానే ఉన్నాడనుకున్నాను, ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాను.

"లాగు బావా," అని కింద నుంచి వినబడింది.

ఎడ్లు కదల్లేదు.

"బావా, లాగు." ఈసారి గొంతు మారింది.

చెయ్యి విదిలించుకుని పరిగెత్తాను. ముంత ఎక్కడ పడిందో తెలియదు. దగ్గరికి పోయేసరికి ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. మొహం మీద నవ్వు ఉంది. ఎదురుగా ఎవరో నిలబడి ఉన్నట్టు, ఎవరినో చూసి సంతోషపడుతున్నట్టు నవ్వు. చేతిలో ముల్లుగర్ర లాక్కుని దాపటి ఎద్దును పొడిచాను. ఎడ్లు అదిరిపడి వాలులో దూకాయి. తాడు పట్టుకున్నాను, నా చేతిలో బిగిసింది. అవతల బరువు నాకు తెలిసింది, నా తమ్ముడి బరువు, పైకి వస్తోంది. బావి అంచు దాకా రాలేదు. సగంలో ఉండగా పేలింది.

తాడు తేలికైపోయింది.

ఇంకేమీ చెప్పను దాని గురించి. నన్ను కట్ట వెనక్కి ఎవరో లాగారు. రాళ్లు పడ్డాయి, నా భుజానికి ఒకటి తగిలింది. ఆ చప్పుడుకు మా ఆయన మేలుకున్నాడు. మేలుకుని, చుట్టూ చూసి, నన్నడిగాడు. "ఏమే, నువ్వెప్పుడొచ్చావు? ఆనందం ఏడి? ఇప్పుడే గందా పైకొచ్చాడు."

వినుకొండ నుంచి పోలీసులు వచ్చి పంచనామా రాసుకున్నారు. అందరినీ అడిగారు. మా ఆయన వాళ్లకూ అదే చెప్పాడు. నేను లాగాను, వాడు పైకొచ్చాడు, మోకాళ్లకు మట్టి దులుపుకున్నాడు, నన్ను చూసి నవ్వాడు అని. అబద్ధం చెపుతున్నాడని వాళ్లనుకున్నారు. నాకు తెలుసు, ఆయన నిజమే చెపుతున్నాడు. కలలో లాగాడు. ఎన్ని రాత్రుల తర్వాతో కలలో తాడు చివర మనిషి పైకి వచ్చాడు. ఆ ఒక్క కల రాకపోయి ఉంటే, పున్నారావన్న కల వచ్చి ఉంటే, ఉలిక్కిపడి లేచేవాడే. నా తమ్ముడు బతికేవాడే.

ఆదివారం మూడో ప్రకటన చదవాల్సిన పూట పెట్టెను మందిరంలో దించారు. ఈపూరు నుంచి సువార్త వచ్చింది. పెళ్లికని కుట్టించుకున్న రవికే వేసుకుని వచ్చింది, వేరే మంచిది లేదేమో. జకరయ్య నిలబడి మాట్లాడాడు. దేవుడి చిత్తం అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, మనిషి ఎంత నిలబడదామన్నా సాతాను ఊరుకోడు, ఒట్టు పెట్టినవాడు కూడా చాటుగా పాత మత్తులోకి జారొచ్చు అన్నాడు. పేరు చెప్పలేదు. తలలన్నీ మా ఆయన వైపు తిరిగాయి. అయ్యా అన్న నోళ్లు మళ్లీ గంజాయోడు అన్నాయి. ఎంతసేపు పట్టిందనుకున్నారు? పెట్టె మూత కూడా ఇంకా వెయ్యలేదు.

నేను లేచాను. మా మందిరంలో ఆడవాళ్లు లేచి మాట్లాడేవాళ్లు కాదు.

"ఆయన తాగలా. తాగి ఉంటే ఈ పూట నా తమ్ముడు ఈ పెట్టెలో ఉండేవాడు కాదు, ఆ బెంచీ మీద కూసుని ప్రకటన ఇనేవాడు. ఆయనకు నిద్ర లేదని నీ ఇంటికొచ్చి చెప్పా మామా. నువ్వు పళ్లు తోముకుంటా ఇన్నావు. నువ్వు ఆ శుక్రవారం ఇంటికి పోయి పడుకున్నావా లేదా? ఆ ఒక్క మాట చెప్పు," అన్నాను.

జకరయ్య బైబిలు మూసి చంకలో పెట్టుకున్నాడు. కూటం మొదలుపెట్టించి, నడుం నొప్పని ఇంటికి పోయి పడుకున్నాడని అందరికీ తెలుసు. ఆ తర్వాత పాట పాడి పెట్టె ఎత్తారు.

ఇదంతా జరిగాక మా ఆయన్ను ఎవరూ బావి పనికి పిలవలేదు. పశువుల వెంట పోతాడు. సత్తార్ చెప్పినట్టే నెల తిరిగేసరికి నిద్ర దానంతటదే వచ్చింది. మంచి నిద్ర, పసిపిల్లాడి నిద్ర. ఆ నిద్రను నేను చూడలేకపోయేదాన్ని. నిద్రలో ఆయన చేతులు కదులుతాయి, తాడు లాగుతున్నట్టు మెల్లగా. ఆ తర్వాత చేతులు ఆగి, మొహం నవ్వుతుంది. అదే నవ్వు. బావి దగ్గర ఎండలో చూసిన నవ్వు.

ఒకరోజు ఓర్చుకోలేకపోయాను. సత్తార్ ఇచ్చిన ఆ చిటికెడు పొట్లం చూరులో అట్టాగే ఉంది. కొత్త చిలుం కొనుక్కొచ్చి, నా చేత్తోనే దట్టించి, పొద్దు వాలకముందే ఆయన ముందు పెట్టాను. జాలితో పెట్టానని అనుకోకండి. ఆ నవ్వు పోవాలని పెట్టాను. నా తమ్ముణ్ణి చంపుకుని నవ్వే మనిషి పక్కన నేను పడుకోలేను.

"తాగు. ఇప్పుడు ఏ ఒట్టూ లేదు గందా," అన్నాను.

ఆయన చిలుం చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. నా చేతిలో మళ్లీ పెట్టేశాడు.

"వద్దే గ్రేసమ్మా. అది తాగితే కల రాదు," అన్నాడు. "కల రాకపోతే ఆనందాన్ని ఎవరు పైకి లాగుతారు?"

చిలుం తీసుకుపోయి పొయ్యిలో వేశాను. తిడదామని వచ్చాను గానీ ఆయన అప్పటికే పక్క సర్దుకుంటున్నాడు, పొద్దు ఇంకా ఉండగానే. ఆయన రోజూ నిద్రపోతాడు, రోజూ నా తమ్ముణ్ణి చూస్తాడు. నాకు ఆ కల ఒక్కసారి కూడా రాలేదు. నాకు వచ్చేది ఒకటే, ఎడ్లు కదలని కల. అది వస్తుందని నేను మేలుకునే ఉంటాను.